చిత్తూరులో ఉంటూ రాక్ సంగీత ఫొటోగ్రాఫరుగా, ప్రముఖుల ఫొటోగ్రాఫరుగా స్థిరపడడం సాధ్యమేనా?

మీరు డిగ్రీ పూర్తిచేసి చిత్తూరులో మీ మామయ్యగారి స్టూడియోలో పెళ్లి ఫొటోలు తీస్తున్నానని, రాక్ సంగీతమంటే ప్రాణమని రాశారు. రాక్ కళాకారులను, సినిమా తారలను తీసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ల దారి మన ప్రాంతంవారికి అందుతుందా, అందుకోసం స్టూడియో వదిలి బెంగళూరుకు మారాలా, ముందుగా ఏ కెమెరా కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను తిరుపతిలో స్టూడియో నడుపుతూ, చాలా ఏళ్లుగా బెంగళూరు, చెన్నైలలో జరిగే సంగీత ప్రదర్శనలకు, తిరుపతిలో జరిగే సినిమా వేడుకలకు ఫొటోలు తీస్తున్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతాను. సాధ్యమే. అయితే మొదటి కొన్నేళ్లు ఈ పని పేరు తెస్తుందే తప్ప ఇల్లు గడపదు. కాబట్టి పెళ్లిళ్ల పని వదలకండి, ఇప్పుడే బెంగళూరుకు మారకండి, కొత్త కెమెరా కొనకండి. ఈ వృత్తిలో ఎదుగుదల రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, కళాకారులు మిమ్మల్ని తమ దగ్గరకు ఎంతవరకు రానిస్తారన్నది. రెండవది, మీరు తీసిన ఫొటోల మీద హక్కు ఎవరి చేతిలో ఉంటుందన్నది. కెమెరా, లెన్సు, ఎడిటింగ్ వీటి తరువాతి మాట.

పెద్ద ప్రదర్శనలకు పత్రికల తరఫున వెళ్లే ఫొటోగ్రాఫర్లకు సాధారణంగా మొదటి మూడు పాటల వరకే వేదికకూ జనానికీ మధ్య వదిలే ఖాళీ స్థలంలో, అంటే పిట్‌లో, నిలబడే అనుమతి ఉంటుంది. ఫ్లాష్ వాడకూడదు. నాలుగో పాట మొదలయ్యేసరికి అందరినీ బయటకు పంపిస్తారు. ఆ కాస్త సమయంలో మీ భుజానికి భుజం ఆనించి నిలబడ్డ వారందరికీ దొరికే దృశ్యమే మీకూ దొరుకుతుంది. కళాకారులు చెమటలు కక్కుతూ, ప్రేక్షకులను మరిచి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించే ఘట్టం ఆ తరువాతే వస్తుంది. అప్పటికి కెమెరాతో అక్కడ ఉండగలిగేది బృందం తనవాడిగా భావించిన ఫొటోగ్రాఫరు మాత్రమే.

రాక్ ఫొటోగ్రఫీలో నిలిచిపోయిన బొమ్మల వెనుక చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. అమెరికాకు చెందిన జిమ్ మార్షల్ తనకు పూర్తి ప్రవేశం ఇవ్వకపోతే పని ఒప్పుకునేవారు కాదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో బీటిల్స్ బృందం టికెట్లు అమ్మి ఇచ్చిన చివరి ప్రదర్శన రోజున ఆయన వేదిక వెనుక వారితోనే ఉన్నారు. 1969లో శాన్ క్వెంటిన్ కారాగారంలో గాయకుడు జానీ క్యాష్‌ను తీసిందీ ఆయనే. బ్రిటన్‌కు చెందిన పెన్నీ స్మిత్ 1979లో ది క్లాష్ బృందంతో అమెరికా పర్యటనలో ఉన్నారు. న్యూయార్కులోని పల్లేడియంలో పాల్ సిమనన్ తన బేస్ గిటారును నేలకేసి కొడుతున్నప్పుడు వేదిక పక్కన నిలబడి ఆమె ఒక ఫొటో తీశారు. అందులో ఫోకస్ సరిగా లేదని ఆమే దానిని వద్దన్నారు. బృందం పట్టుబట్టి ‘లండన్ కాలింగ్’ ఆల్బం అట్టమీద వేసుకుంది. రాక్ సంగీతంలో అంతగా జనం గుర్తుపెట్టుకున్న బొమ్మలు కొన్నే ఉంటాయి. లెన్సు పదును గురించి రాత్రింబవళ్లు వాదించుకునే మన కుర్రవాళ్లకు నేను ఈ సంగతి తప్పక చెబుతుంటాను. ఆ క్షణానికి ఆమె అక్కడ ఉండగలిగారు, మిగతాదంతా దాని తరువాతే.

మన దేశంలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది, అది రాక్ సంగీతానిది కాకపోయినా సరే. ఫొటోగ్రాఫరు దయానితా సింగ్ అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ విద్యార్థినిగా ఉన్న రోజుల్లో జాకీర్ హుస్సేన్‌ను తీయడం మొదలుపెట్టి, ఆయన శీతాకాలపు పర్యటనలలో ఏళ్ల తరబడి వెంట తిరిగారు. 1986లో వచ్చిన ఆమె మొదటి పుస్తకం ఆ ఫొటోలదే. ఆమె వందమంది విద్వాంసులను ఒక్కొక్క రాత్రి తీయలేదు. ఒకే ఒక్క కళాకారుణ్ణి ఏళ్లపాటు తీశారు.

అందుకే నా మొదటి సలహా: మీ వయసువారు, మీకు నిజంగా నచ్చిన సంగీతం వాయించే ఒక్క బృందాన్ని ఎంచుకుని, వారి వెంట ఉండండి. పేరున్న బృందం మిమ్మల్ని దగ్గరకు రానివ్వదు, రానివ్వవలసిన అవసరమూ దానికి లేదు. ఇంకా ఎవరికీ తెలియని బృందానికి మంచి ఫొటోలు చాలా అవసరం, కాని డబ్బు ఇచ్చే స్థోమత ఉండదు. ఆ బృందం పెరిగితే మీరూ పెరుగుతారు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ ప్రదర్శన ఇచ్చినప్పుడు వారికి ముందు ఢిల్లీ బృందం పరిక్రమ వాయించింది. విదేశీ బృందాలు వచ్చినప్పుడు ఇలా వారికంటే ముందు వాయించే అవకాశం ఇక్కడి బృందాలకు దక్కడం మామూలే. పత్రికల వారు పాస్ కోసం నెలల తరబడి ఉత్తరాలు రాసే చోటికి, అప్పుడు మీరు కళాకారుల ద్వారం గుండా వారితో కలిసి వెళ్తారు.

నా సంగతే చెబుతాను. బెంగళూరుకు చెందిన ఒక బృందాన్ని నేను మొదట వేలూరులో ఒక కాలేజీ ఉత్సవంలో విన్నాను. సాయంత్రం ప్రదర్శనకు ముందు మైకులు, వాయిద్యాలు సరిచూసుకునే సౌండ్ చెక్ జరుగుతుంటే మైదానంలో ఎవరూ లేరు. అనుమతి అడిగి తీశాను. గాయకుడినీ, లీడ్ గిటారు వాయించే అతడినీ అందరూ తీస్తారు గనుక, నేను ఎక్కువసేపు డ్రమ్ములు వాయించే కుర్రవాడి దగ్గరే గడిపాను. ఫొటోలు పంపితే వారం తిరగకుండా అతడే ఫోన్ చేశాడు. తనకు అప్పటివరకు వాయిస్తున్నప్పుడు ముఖం కనిపించే ఫొటో ఒక్కటి కూడా లేదట. ఆ పరిచయంతోనే తరువాత వారి రిహార్సల్ గదికీ, రికార్డింగుకూ, ఊళ్లు తిరిగే వ్యానులోకీ నాకు చోటు దొరికింది. డ్రమ్మరు చీకట్లో వెనుక కూర్చుంటాడు, బేస్ గిటారు వాయించే వ్యక్తి మీద లైటు సరిగా పడదు. వారిద్దరినీ శ్రద్ధగా తీసే ఫొటోగ్రాఫరును ఏ బృందమూ వదులుకోదు.

అంత దగ్గరగా ఉన్నప్పుడు చాలా కనిపిస్తాయి, వినిపిస్తాయి: తగాదాలు, తాగుడు, కన్నీళ్లు. ఏది తీయాలి, తీసినా ఏది బయటపెట్టకూడదు అన్న విచక్షణ లేనివారికి రెండోసారి పిలుపు రాదు. నేను తీసి కూడా ఎవరికీ చూపని ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, అవి అలాగే ఉంటాయి.

ఇక బెంగళూరుకు మారడం గురించి. చిత్తూరు ఈ పనికి అనుకూలమైన ఊరు, అది మీకింకా తట్టినట్టు లేదు. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. చెన్నై అంతకంటే దగ్గర. వేలూరుకు గంట ప్రయాణం. బహిరంగ ప్రదేశాలలో రాత్రి 10 గంటల తరువాత మైకులు మోగకూడదన్న 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల వల్ల మైదానాలలో జరిగే ప్రదర్శనలు సాధారణంగా ఆ వేళకు ముగుస్తాయి, రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి ఇంట్లో ఉంటారు. అంతకంటే ముఖ్యమైన సౌకర్యం మన పంచాంగమే ఇచ్చింది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు ధనుర్మాసంలో మనకు పెళ్లి ముహూర్తాలు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే చెన్నైలో మార్గళి కచేరీలు, జనవరిలో మద్రాసు ఐఐటీ వారి సారంగ్ ఉత్సవం, బెంగళూరులో చల్లని వాతావరణంలో జరిగే ప్రదర్శనలు ఉంటాయి. స్టూడియో ఖాళీగా ఉండే నెల మీకు ప్రదర్శనల నెల అవుతుంది. మీ మామయ్యగారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందు చెప్పండి, ఆయన కాదనడానికి పెద్దగా కారణం ఉండదు. అద్దె కట్టడానికి ఇష్టం లేని పనులన్నీ ఒప్పుకుంటూ, అలసిపోయి, చివరికి ప్రదర్శనలకు వెళ్లే ఓపికే లేకుండా పోయిన యువకులను బెంగళూరులో నేను చూశాను.

సాధన ఎక్కడ చేయాలంటారా? వినాయక చవితి పందిళ్లలో, కాణిపాకం బ్రహ్మోత్సవాల రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో పెట్టే ఆర్కెస్ట్రాల దగ్గర. ఇది చిన్న విషయంగా తీసుకోకండి. అక్కడ ఉండే పార్ లైట్లు (వేదిక మీద రంగుల వెలుగు పడేసే దీపాలు), పొగ యంత్రాలు, నోటికి అడ్డంగా మైకు పెట్టుకుని అటూ ఇటూ తిరిగే గాయకుడు, ఇవన్నీ రాక్ వేదిక మీద ఉండేవే. పైగా మూడు పాటల నియమం ఉండదు, మిమ్మల్ని ఎవరూ బయటకు పంపరు. మే నెలలో తిరుపతి గంగజాతర మరొక మంచి పాఠశాల. రంగులు పులుముకున్న ముఖాలు, డప్పుల మోతకు ఊగే శరీరాలు, నిలకడలేని వెలుతురు మధ్య ఒక్క ముఖాన్ని పట్టుకోవడం అక్కడ వస్తే ఏ వేదిక ముందైనా వస్తుంది.

వెలుతురు విషయంలో పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఉన్న కొన్ని అలవాట్లు ఇక్కడ పనికిరావు. ఆటోమేటిక్ ఎక్స్‌పోజరులో వదిలితే వెనుక ఉన్న చీకటిని చూసి కెమెరా ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది, అందుచేత మాన్యువల్‌లో పెట్టి ముఖం మీది వెలుగును బట్టి నిర్ణయించుకోవాలి. లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ సంఖ్య 2.8 దగ్గర, షట్టరు సెకనులో 250వ వంతు వేగంతో, వెలుతురుకు కెమెరా స్పందించే మేరను చెప్పే ఐఎస్ఓ 3200 నుంచి 6400 మధ్య మొదలుపెట్టండి. తల విదిలిస్తూ వాయించే మెటల్ బృందాలకు వేగం ఇంకా పెంచాలి. ఫొటోలో ఇసుక చల్లినట్టు మచ్చలు పడతాయని భయపడి ఐఎస్ఓ తగ్గిస్తే, షట్టరు వేగమూ తగ్గించవలసి వచ్చి ముఖం కదిలిపోతుంది. మచ్చలను తరువాత సరిచేయవచ్చు, కదిలిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఎరుపు లేదా నీలం ఎల్ఈడీ లైటు ముఖాన్ని ముంచెత్తినప్పుడు ఆ ఒక్క రంగు నిండిపోయి ముఖంలో వివరం పోతుంది. అప్పుడు ఎక్స్‌పోజరు కాస్త తగ్గించి, తప్పనిసరిగా రా ఫార్మాట్‌లో (సెన్సరు పట్టిన వివరమంతా కుదించకుండా దాచే ఫైలు) తీయండి. అటువంటి చాలా ఫొటోలు నలుపు తెలుపులోకి మారిస్తేనే నిలబడతాయి. ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే ఎల్ఈడీల మినుకు వల్ల ఫొటో నిండా అడ్డచారలు వస్తాయి గనుక మెకానికల్ షట్టరు వాడండి. లేజరు కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సరు శాశ్వతంగా పాడవవచ్చు. లేజర్లు ఉన్నాయా అని సౌండ్ చెక్ సమయంలోనే లైట్ల వారిని అడిగి తెలుసుకోండి.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. గాయకుడికి సరిగ్గా ఎదురుగా నిలబడితే మైకు నోటిని మూసేస్తుంది. ఒక పక్కకు జరిగి, చరణం ముగిసి అతడు మైకు నుంచి వెనక్కి తగ్గే క్షణం కోసం వేచి ఉండండి. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో తెలియాలంటే పాటలు తెలిసి ఉండాలి. నేను వెళ్లే ముందు బృందం పాటలు పదేపదే వింటాను, గిటారు సోలో ఎక్కడ వస్తుందో, డ్రమ్ములు ఎక్కడ ఆగుతాయో గుర్తుపెట్టుకుంటాను. సంగీతం మీకు ప్రాణమని రాశారు కదా, ఈ వృత్తిలో అదే మీ పెట్టుబడి.

ప్రముఖుల ఫొటోల సంగతి వేరు. తిరుపతికి సినిమా వాళ్లు రాని వారం ఉండదు కదా, అది మనకు అవకాశమే కదా అని మీరు రాశారు. దర్శనం చేసుకుని బయటకు వచ్చే తారను ఆలయం ముందు పత్రికల వారందరూ తీస్తారు, ఆ ఫొటో మరుసటి రోజు వార్త, అంతే. దానితో ఎవరికీ వృత్తి నిర్మాణం కాలేదు. అదీగాక, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషిని వెంటపడి తీయడం నాకు సమ్మతం కాదు. సినిమా వేడుకలు వేరే మాట. 2023 జూన్‌లో ప్రభాస్ సినిమా విడుదలకు ముందు జరిపే వేడుక తిరుపతి తారకరామ మైదానంలో జరిగింది. అటువంటి వాటిలో వేదిక, లైట్లు, జనం అన్నీ రాక్ ప్రదర్శన స్థాయిలోనే ఉంటాయి. అక్కడ పని ప్రచారం చూసే పీఆర్ వారి ద్వారా వస్తుంది. సినిమా సెట్‌లో స్టిల్స్ తీయాలంటే మాత్రం దానికి ప్రత్యేకంగా సంఘం, సభ్యత్వం ఉన్నాయి. ఎవరైనా స్టిల్ ఫొటోగ్రాఫరు దగ్గర సహాయకుడిగా చేరడమే దారి.

మనకు ఎక్కువగా దొరికేవి వస్త్ర దుకాణాల, నగల దుకాణాల ప్రారంభోత్సవాలు. ఒకసారి అలాంటి కార్యక్రమానికి వచ్చిన నటి ఆలస్యంగా చేరుకున్నారు, నాకు మేడమీద గదిలో రెండు మూడు నిమిషాలు దొరికాయి. ఆమె రాకముందే దుకాణంలో పనిచేసే అమ్మాయిని కిటికీ పక్కన నిలబెట్టి వెలుగు సరిచూసుకున్నాను కాబట్టి ఆమెను నిరీక్షింపజేయలేదు. తీసినవి అక్కడే చూపించాను. ఒకటి తనకు నచ్చలేదంటే ఆమె ఎదుటే తొలగించాను. తరువాత ఆమె మేనేజరు మరొక ఊరిలో పనికి నన్నే అడిగారు. పోర్ట్రెయిట్‌లో పదును, వెలుగు అందరూ నేర్చుకుంటారు. ఎదుటి మనిషి మన ముందు భయం లేకుండా నిలబడడం మన నడవడిక వల్ల వస్తుంది. యానీ లీబోవిట్జ్ 1970లో అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్‌కు రాక్ కళాకారులను తీయడంతో మొదలుపెట్టి, తరువాత ప్రముఖుల పోర్ట్రెయిట్లకు పేరు పొందారు. ఒక పని నుంచి మరొక పనికి ఆమెతో వెళ్లింది ఆ దగ్గరితనమే అని నా అభిప్రాయం.

ఇప్పుడు హక్కుల గురించి, దయచేసి నిదానంగా చదవండి. 1967లో రోలింగ్ స్టోన్ పత్రిక మొదలైనప్పుడు దాని తొలి ఫొటోగ్రాఫరు బ్యారన్ వోల్మన్ డబ్బు తీసుకోకుండా పని ఒప్పుకున్నారు, కాని ఫొటోల హక్కులు తనవేనన్న షరతు పెట్టారు. ఆయన జీవితాంతం బతికింది ఆ షరతు మీదే అనవచ్చు. మన చట్టం ప్రకారం ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవలసిన విషయం. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం ఫొటో తీసినవాడే మొదటి హక్కుదారు. అయితే ఎవరైనా డబ్బు ఇచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో, హక్కు డబ్బు ఇచ్చినవారిదే అవుతుంది. జీతానికి పనిచేసేటప్పుడు యజమానిది అవుతుంది. కాబట్టి చిన్న పనికైనా ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: హక్కు నాది, మీరు ఈ ఫొటోలను ఫలానా ప్రచారానికి ఇంతకాలం వాడుకోవచ్చు అని. హక్కు బదిలీ చేసే పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షను చెబుతుంది. అందుకే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు కనిపిస్తే ఆగి ప్రశ్నించండి. 2012 సవరణ తరువాత ఫొటోలకు కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంది. ఈనాడు మీరు తీసే అనామక బృందం ఫొటో మీ పిల్లలకు ఆస్తి కావచ్చు.

ఒక ఉత్సవ నిర్వాహకులతో నేను రాసుకున్న కాగితంలో సామాజిక మాధ్యమాల ప్రచారానికి మాత్రమే అని ఉంది. మరుసటి ఏడు ఒక వ్యాపార సంస్థ ఆ ఫొటోను ప్రకటనకు అడిగినప్పుడు ఆ ఒక్క వాక్యం వల్ల వారు నా దగ్గరకు, బృందం దగ్గరకు రావలసి వచ్చింది. ఇద్దరికీ డబ్బు అందింది. బృందాన్ని ఎందుకు అడగాలంటారా? ఫొటో మీదైనా ముఖం మీది కాదు. వార్తగా ప్రచురించడం ఒకటి, సరుకు అమ్మడానికి వాడడం మరొకటి. 2022 నవంబరులో అమితాబ్ బచ్చన్, 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు పొందారు. తారల ఫొటోలు ముద్రించి అమ్ముదామనే ఆలోచన ఉంటే, వారి రాతపూర్వక అంగీకారం లేకుండా ఆ పని చేయకండి.

కెమెరా సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. స్టూడియోలో పెళ్లిళ్లకు వాడేది చాలు. దానికి 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు ఒకటి చేర్చుకోండి, అది చవక. 70–200 ఎఫ్ 2.8 వంటి లెన్సు కొత్తది లక్ష రూపాయలు దాటుతుంది, పెద్ద ప్రదర్శన ఉన్న రోజున బెంగళూరులోనో చెన్నైలోనో అద్దెకు తీసుకోండి. తప్పక కొనవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి, మంచి ఇయర్‌ప్లగ్గులు. స్పీకర్ల ముందు పోయిన వినికిడి తిరిగి రాదు. రెండవది, రెండు హార్డ్ డిస్కులు. ప్రదర్శన రాత్రే రెండింటిలోనూ కాపీ చేసి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో ఉంచండి. ప్రతి ఫొటోకు తేదీ, ఊరు, వేదిక, బృందంలో అందరి పేర్లు రాసిపెట్టండి. పేరులేని ఫొటోను ఇరవై ఏళ్ల తరువాత ఎవరూ వెతికి పట్టుకోలేరు, కొననూ కొనరు.

వచ్చే వినాయక చవితికి ఆర్కెస్ట్రాల దగ్గర తీసినవాటిలో ఓ పది ఎంచి, ఎడిట్ చేయకుండా ఇక్కడే పెట్టండి. వెలుగు ఎలా కుదిరిందో, ఎక్కడ నిలబడితే ఇంకా బాగుండేదో చూసి చెబుతాను. బృందంతో రాసుకోవలసిన ఒప్పందం నమూనా తెలుగులో నా దగ్గర ఉంది, కావాలంటే అడగండి, అది కూడా పెడతాను.